నా ఈడు గిటారు కోసం ఓచనోమిజు వీధిలో...

సినిమా పాట వింటూ "అబ్బ, ఆ వయొలిన్లు!" అనేవాళ్ళని చూశాను. "ఆ ఫ్లూటు బిట్టు విను గురూ!" అని గాల్లో చెయ్యి తిప్పేవాళ్ళనీ చూశాను. "ఆ బేస్ గిటారు ఎంత బాగుందో" అన్న శ్రోతలు మాత్రం ఈ ఇరవై ఏళ్ళలో నాకు నలుగురో అయిదుగురో తగిలారంతే. అందులో ఒకడు మైకు సెట్టు కుర్రాడు! చెప్పొద్దూ, మా వాయిద్యం బతుకే అంత. నాలుగు లావుపాటి తీగలు, పొడవాటి మెడ, కిందెక్కడో బుమ్... బుమ్... అంటూ నడిచే నాదం. అది ఉన్నప్పుడు ఎవరూ వినరు. తీసేసి చూడండి, పాట కాళ్ళు విరిగి కూలబడుతుంది. ఇళయరాజా గారి పాటల్ని ఒకసారి మంచి హెడ్‌ఫోన్సు పెట్టుకుని కింద స్వరాలు మాత్రమే పట్టుకుని వినండి. 'గీతాంజలి' (1989) పాటలయితే మరీనూ. పైన ఒక పాట, కింద ఇంకో పాట... రెండు పాటలు విన్నట్టుంటుంది.

నేను ఆ కింద పాట వాయించేవాణ్ణి. పెళ్ళిళ్ళకీ, సంగీత విభావరులకీ, అప్పుడప్పుడు రికార్డింగులకీ. ఇన్నేళ్ళూ వాయించింది అరువు గిటారే. ట్రూపుకి ఒకటుంటుంది, ప్రోగ్రాం అయ్యాక వ్యాన్లో పెట్టేస్తారు. నాదంటూ ఒకటి లేదు. నలభై దాటాక బుద్ధి పుట్టింది, సొంతంగా ఒకటి కొనుక్కోవాలని. కొంటే నేను పుట్టిన సంవత్సరంలో పుట్టినదే కొనాలని.

నవ్వకండి. ఇది నాకొక్కడికే పట్టిన పిచ్చి కాదు. పాశ్చాత్య దేశాల్లో వాయిద్యకారులకి ఇదొక పెద్ద సరదా. తనతోపాటే ఈ లోకంలోకి వచ్చి, తనలాగే గీతలు పడి, రంగు వెలిసి, ఇంకా పలుకుతున్న వాయిద్యాన్ని వెతుక్కుని తెచ్చుకోవడం. అయితే అందులో ఒక మెలిక ఉంది. ఏ సంవత్సరంలో పుట్టారన్నదాన్నిబట్టి మీ అదృష్టం! కాలిఫోర్నియాలో లియో ఫెండర్ గారు ప్రెసిషన్ బేస్‌ని బజారులోకి తెచ్చింది 1951లో. జాజ్ బేస్ వచ్చింది 1960లో. 1965 జనవరిలో ఆయన తన కంపెనీని సి.బి.ఎస్. వాళ్ళకి 1 కోటి 30 లక్షల డాలర్లకి అమ్మేశాడు. అంచేత 1960 నుంచి 1964 లోపు పుట్టినవాళ్ళకి దొరికేది ఫెండర్ చేతికింద తయారయిన సరుకు, ధర పది లక్షలకి పైమాటే. డెబ్భైల్లో పుట్టారా, చాలావాటికి బరువెక్కువ, భుజం పడిపోతుంది. ఇక నాలాగా 1982లో పుట్టారా...

1982 అంటే మనవాళ్ళకి చెప్పాలా? మార్చిలో రామారావు గారు తెలుగుదేశం పెట్టారు. జూలైలో 'బొబ్బిలిపులి' వచ్చింది. నేను కడుపులో ఉండగా మా అమ్మ ఆ సినిమా రెండుసార్లు చూసిందట. నవంబరులో నేను. సరిగ్గా ఆ సంవత్సరమే జపాన్లో ఒక తమాషా జరిగింది. నా గిటారు కథంతా అక్కడుంది.

అసలుని మించిన రీమేకు

డెబ్భైల చివరికి అమెరికాలో ఫెండర్ పని నాణ్యం బాగా దిగజారిందని అందరూ ఒప్పుకునే మాట. అదే సమయంలో జపాన్లో గ్రెకో, టోకాయ్ లాంటి పేర్లతో పాత ఫెండర్లని చూసి అచ్చు గుద్దినట్టు చేస్తున్నారు. ఆ నకళ్ళు అప్పటి అసలు సరుకుకన్నా బాగుండేవి! ఏం చెయ్యాలి? కేసులు వేసే బదులు ఫెండర్ వాళ్ళు తెలివిగా చేతులు కలిపారు. కాందా షోకాయ్, యమానో గక్కి అనే రెండు జపాను వ్యాపార సంస్థలతో కలిసి 1982లో 'ఫెండర్ జపాన్' పెట్టారు. తయారీ నగానో రాష్ట్రంలోని మత్సుమోటో ఊళ్ళో, ఫుజిగెన్ అనే ఫ్యాక్టరీలో. మొదటి సరుకు నంబర్లు 'జె.వి.' అనే అక్షరాలతో మొదలవుతాయి. వాళ్ళు చేసింది కొత్త మోడలు కాదు, 1957, 1962 నాటి పాత మోడళ్ళే మళ్ళీ. అంటే 1982లో పుట్టి 1962 వేషం కట్టినవి. మన భాషలో రీమేకు. పోతే, అసలుని మించిన రీమేకు. 1985లో సి.బి.ఎస్. వాళ్ళు ఫెండర్ని వదిలించుకున్నప్పుడు, అమెరికా ఫ్యాక్టరీ మూతపడి కొన్నాళ్ళపాటు ఆ కంపెనీని నిలబెట్టింది ఈ జపాను గిటార్లే.

కాబట్టి నాకు కావలసినది అమెరికాలో లేదు, టోక్యోలో ఉంది. వెళ్ళడం ఎలా? 2025 ఉగాదికి అక్కడి తెలుగువాళ్ళు పాటల కార్యక్రమం పెట్టుకుంటే మా ట్రూపుని పిలిచారు. పోను రాను టిక్కెట్టు వాళ్ళది. మధ్యలో రెండు రోజులు ఖాళీ. ఎనిమిదేళ్ళుగా చీటీలు కట్టి దాచిన లక్షా పాతికవేలు నావి. ఆ డబ్బు మీద మా ఆవిడకి వేరే ఆలోచనలున్నాయి. "నలభై రెండేళ్ళ పాతదానికి అంత పొయ్యాలా? ఆ డబ్బుకి కొత్తది ఇవ్వరటండీ?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

టీ నీళ్ళ ఊరు

షింజుకు స్టేషన్లో నారింజ రంగు గీత ఉన్న చువో రైలెక్కితే మధ్యలో ఒక్క యోత్సుయా, ఆ తర్వాత ఓచనోమిజు. పది నిమిషాల ప్రయాణం. ఆ పేరుకి అర్థం 'టీ నీళ్ళు'. పూర్వం అక్కడి గుళ్ళోని ఊటనీళ్ళు షోగను గారి టీకి తీసుకెళ్ళేవారట, అలా వచ్చిన పేరు. స్టేషను ఒక లోయ అంచున వేలాడుతున్నట్టుంటుంది. కింద కాందా నది పచ్చగా, మెల్లగా. పక్కనున్న హిజిరి వంతెన మీద నిలబడితే ఒక దృశ్యం చూడొచ్చు. ఒక రైలు పైనుంచి, ఒక రైలు పక్కనుంచి, నది మీదుగా ఎర్ర పెట్టెల మరునోఉచి లైను రైలు కిందనుంచి, మూడూ ఒకేసారి. కెమెరాలు పట్టుకుని ఆ క్షణం కోసం గంటలకొద్దీ నిలబడేవాళ్ళున్నారు. మన కెమెరామెన్లెవరూ ఇంకా ఈ చోటు ఎందుకు వాడలేదో నాకు అర్థంకాలేదు.

నాకు తోడు వచ్చినవాడు గుంటూరు కుర్రాడు, అక్కడ సాఫ్ట్‌వేరు ఉద్యోగం. జపాను భాష గలగలా మాట్లాడేస్తాడు. "అన్నా, ఇక్కణ్ణుంచి కిందికి నడవడమే" అన్నాడు.

స్టేషను దాటి మెయిజీ యూనివర్సిటీ ముందునుంచి పల్లంలోకి దిగే వీధి అది. ఆ వీధీ, పక్క సందులూ కలిపి ఎటు చూసినా గిటార్ల షాపులే! మన ఊళ్ళో బంగారం కొట్లు వరసగా ఉంటాయే, అలాగ. ఒక్కో షాపు నాలుగేసి అంతస్తులు. కింద పిల్లకాయలు కొనే చవకవి, పైకి వెళ్ళేకొద్దీ పాతవీ ప్రియమైనవీ. ఇక్కడే ఎందుకు వెలిశాయంటే, ఈ పేటంతా కాలేజీలు. 1965లో వెంచర్స్ అనే అమెరికను బృందం వచ్చి కచేరీలు చేశాక జపాను కుర్రకారుకి ఎలెక్ట్రిక్ గిటారు జ్వరం పట్టింది. మరుసటేడు జూన్ చివర, జూలై మొదట్లో మూడు రోజుల్లో అయిదు ఆటలాడారు బీటిల్స్. ఆ బుడోకాన్ హాలు ఇక్కణ్ణుంచి నడిచి వెళ్ళేంత దూరమే. ఆ బృందంలో పాల్ మెకార్ట్నీ వాయించేది వయొలిన్ ఆకారంలో ఉన్న హోఫ్నర్ బేసు. అతను 1961లో హాంబర్గులో కొన్న మొదటిది 1972లో లండన్లో వ్యానులోంచి పోయింది. యాభై ఏళ్ళ తర్వాత ఒకరింటి అటక మీద దొరికి 2024లో అతన్ని చేరిందని బయటపడింది. కోట్లున్న మనిషి! ఇంకో వంద కొనుక్కోగలడు. అయినా దానికోసం వెతుకుతూనే ఉన్నారు చూడండి.

జపాను షాపులో ఒక పద్ధతుంది. గోడమీదనున్నదాన్ని మనం ముట్టుకోకూడదు. 'షిసో' అని అడగాలి, అంటే వాయించి చూడొచ్చా అని. వాళ్ళు దించి, తుడిచి, శ్రుతి చేసి, స్టూలు వేసి, రెండు చేతులతో అందిస్తారు. చంటిపిల్లని ఒడిలో పెట్టినట్టే. ప్రతిదానికీ ఒక చీటీ వేలాడుతుంటుంది. సంవత్సరం, ఎక్కడెక్కడ ఏ భాగం మార్చారు, బరువెంత... అన్నీ రాసి ఉంటాయి. మెడమీద మెట్లు ఎంత అరిగాయో కూడా! లోపం దాచి అమ్మడం వాళ్ళకి చేతకాదు కాబోలు.

మొదటి రోజు ఏడు షాపులు తిరిగాం. తల లేని స్టెయిన్‌బెర్గర్ ఒకటి చూశాను, ఎనభైల వింత. చూడ్డానికి చిన్న తెడ్డులా ఉంటుంది. డురాన్ డురాన్ జాన్ టేలర్ వాయించిన రకం ఆరియా బేసూ చూశాను. ఆగింది మాత్రం నాలుగో షాపులో, ఒక ఐబానెజ్ రోడ్‌స్టర్ దగ్గర. ఆ రోజుల్లో ఐబానెజ్ నంబర్లకి ఒక లెక్కుంది. మొదటి అక్షరం నెల, తర్వాతి రెండంకెలు సంవత్సరం. ఏ అంటే జనవరి, బి అంటే ఫిబ్రవరి... దీని మీద కె-82. వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. కె అంటే పదకొండు. 1982 నవంబరు!

సంవత్సరం వెతుక్కుంటూ వెళ్తే నెల కూడా కలిసింది. ధర పన్నుతో 88,000 యెన్లు. పాస్‌పోర్టు చూపిస్తే టూరిస్టుకి పది శాతం పన్ను తీసేసి 80,000. మన డబ్బులో నలభై అయిదు వేల చిల్లర. అంటే కస్టమ్సు వాళ్ళు అప్పట్లో ఊరికే వదిలే యాభై వేల లోపే! "అన్నా, దేవుడే రాసిపెట్టాడు" అన్నాడు గుంటూరు కుర్రాడు. వాయించాను. బాగుంది. గట్టిగా, స్పష్టంగా, గాజుమీద గోరు తగిలినట్టు పలుకుతోంది. చీటీ చూశాను. బరువు 4.6 కిలోలు. పెళ్ళి ప్రోగ్రాముల్లో నాలుగు గంటలు నిలబడి వాయించేవాడి భుజాన్ని అడగండి ఆ అంకె అంటే ఏమిటో. రేపు వస్తామని చెప్పి బయటపడ్డాం.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

రెండో రోజు పొద్దున్నే పల్లం దిగి జింబోచో పేటకి వెళ్ళాం. షాపులు పదకొండుకి గానీ తెరవరు. అది పాత పుస్తకాల పేట. సినిమా పుస్తకాలు, పోస్టర్లు, థియేటర్లలో అమ్మే రంగుల పుస్తకాలు గుట్టలు గుట్టలుగా. మనకి పాటల పుస్తకాలుండేవి చూడండి, వీళ్ళకింకా ఉన్నాయి. గుంటూరు కుర్రాడు తన దగ్గరున్న 'ఆర్.ఆర్.ఆర్.' పుస్తకం గురించి గర్వంగా చెప్పాడు. 2022 అక్టోబరులో అక్కడ విడుదలయి, రజనీకాంత్ 'ముత్తు' రికార్డుని దాటేసిన సినిమా కదా! 2024 జనవరిలో తకరజుకా అనే ఆడవాళ్ళ నాటక బృందం దాన్ని రంగస్థలం మీద కూడా ఆడింది. ఇదే పేటలో ఇవనామి హాలని ఒక చిన్న థియేటరుండేది. 1974లో సత్యజిత్ రే 'అపుర్ సంసార్'తో అక్కడ మంచి సినిమాల ఉద్యమం మొదలయింది. 2022 జూలైలో మూసేశారు. ఆ మూసిన తలుపు ముందు ఒక నిమిషం నిలబడ్డాను. రే గారి బొమ్మ చూడ్డానికి క్యూ కట్టిన జపాను కుర్రాళ్ళు ఎలా ఉండేవారో అనుకుంటూ.

షోవా 57

పదకొండున్నరకి మళ్ళీ ఎత్తెక్కాం. నిన్న చూడని ఒక సందులో, మూడో అంతస్తులో ఉంది. జాజ్ బేసు, జె.బి.62-75. ఈ పేర్లలో చివరి అంకె ఏమిటంటే అప్పటి ధర వేలల్లో. కొత్తలో 75,000 యెన్లన్నమాట. మధ్యలో పసుపు, అంచులకి పోనుపోను ఎరుపు, నలుపు. వీపున బెల్టు బకిల్ రాసుకున్న గీతలు. నంబరు జె.వి. తోనే మొదలవుతోంది. ధర 1,98,000. పన్ను తీస్తే 1,80,000, అంటే లక్షా రెండువేల ఆరువందల రూపాయలు. పైగా అప్పట్లో యాభై వేలకి మించినదాని మీద మన దగ్గర ముప్పై ఎనిమిదిన్నర శాతం సుంకం ఉండేది. అదో ఇరవై వేలు. చీటీల డబ్బు ఊడ్చిపెట్టుకుపోతుంది.

అసలు చిక్కు అది కాదు. జె.వి. నంబర్లు 1982 నుంచి 1984 దాకా వేశారు. ఐబానెజ్ లాగా అక్షరం చూసి నెల చెప్పే వీల్లేదు. ఇది 82దా, 83దా? 83ది అయితే నాకు తమ్ముడు, అంతే!

షాపాయన ముసలాయన, కళ్ళజోడు ముక్కు చివర. కుర్రాడు నా గొడవంతా జపానులో చెప్పాడు. ఆయన నవ్వలేదు. లోపలికెళ్ళి గిటారు పెట్టె తెచ్చి, దాని చిన్న అరలోంచి ఒక పాత కార్డు తీశాడు. కొన్ననాటి గ్యారంటీ కార్డు! కొన్నవాడి పేరుమీద కాగితం ముక్క అంటించి ఉంది, పరాయివాళ్ళు చూడకూడదని. కింద తేదీ. 57, 12, 19.

యాభై ఏడేమిటి? గిటారేమో 62 నమూనా, చూస్తే 82 నాటి సరుకు, మధ్యలో ఈ 57 ఎక్కణ్ణుంచి వచ్చింది? కుర్రాడు చప్పట్లు కొట్టాడు. "అన్నా, అది షోవా 57! వాళ్ళ చక్రవర్తి లెక్క. 1925కి 57 కలుపు!"

కలిపాను. 1982 డిసెంబరు 19. అంటే దాన్ని తయారుచేసింది అంతకుముందే. నేను నెల పిల్లాడిగా ఉయ్యాల్లో ఉండగా ఈ టోక్యోలోనో, మరే ఊళ్ళోనో ఒక కుర్రాడు చలికాలంలో ఇది భుజాన వేసుకుని ఇంటికి నడిచాడు. ఎన్ని ఆల్బముల్లో, ఎన్ని కాలేజీ ఫంక్షన్లలో వాయించాడో. ఎందుకు అమ్మాడో. ఆ కాగితం ముక్క కింద ఉన్న పేరేమిటో నాకు చూడాలనిపించింది గానీ, అడగలేదు.

వాయించాను. పూర్తిగా చెప్పలేను గానీ, ఐబానెజ్ నా చెవికి వినపడింది, ఇది పొట్టకి తగిలింది. గుండ్రంగా, కాస్త బొంగురుగా, పాత సినిమా పాటకి సరిపోయే గొంతు. జాజ్ బేసు మెడ తలదగ్గర సన్నం, నా పొట్టి వేళ్ళు చివరి తీగ దాకా హాయిగా అందుతున్నాయి. మెడ నిటారుగా ఉంది. మీట తిప్పితే మాత్రం కరకర. అది తుడిస్తే పోతుందని ముసలాయన సైగ చేశాడు. బరువు 3.9.

అయినా మనసు కె-82 దగ్గరే పీకుతోంది. పుట్టిన నెల! అందులోనూ సగం కన్నా తక్కువ ధర. ఇక లాభంలేదని చెన్నైలో ఉన్న మా మాస్టారికి ఫోను చేశాను. మద్రాసు స్టూడియోల్లో ముప్పై ఏళ్ళు బేసు వాయించిన మనిషి. నాకు స్వరం పట్టించింది ఆయనే. కుర్రాడు నిన్న సెల్లులో పట్టిన ఐబానెజ్ ముక్క ముందు వినిపించాం. తర్వాత అదే 'గీతాంజలి' ముక్క జాజ్ బేసు మీద ఫోను దగ్గర పెట్టి వాయించాను.

"రెండోది ఇంకోసారి వాయించరా."

వాయించాను.

"ఏది బరువు తక్కువ?"

"రెండోదేనండి. కానీ మాస్టారూ, మొదటిది నేను పుట్టిన నెలలో చేసిందండి. ధర కూడా..."

"పుట్టిన నెల, నక్షత్రం గుళ్ళో అర్చనకి చెప్పుకోరా. పాటకెందుకూ?"

ఫోను పెట్టేశారు. కుర్రాడు పడీపడీ నవ్వాడు. ముసలాయనకి ఏమీ అర్థంకాకపోయినా ఆయనా నవ్వాడు. ఎక్కడివాళ్ళమని అడిగి, 'ఆర్.ఆర్.ఆర్.' పేరెత్తగానే కౌంటరు వెనక రెండు కాళ్ళు టకటకలాడించాడు డెబ్భై ఏళ్ళ మనిషి! పాస్‌పోర్టు చూసి పన్ను తీసేసి, తీగల సెట్టు ఒకటి ఊరికే ఇచ్చి, మూడో అంతస్తునుంచి వీధి దాకా దిగి వచ్చి నడుం వంచి సాగనంపాడు.

ఐబానెజ్ షాపు ముందునుంచే స్టేషనుకి వెళ్ళాలి. అద్దంలోంచి కనిపిస్తూనే ఉంది. తల తిప్పుకోలేదు, చూస్తూనే నడిచాను.

తీగలు వదులుచేసి, పెట్టెలో చుట్టూ బట్టలు కుక్కి విమానంలో వేశాను. హైదరాబాదులో కస్టమ్సు ఆఫీసరుకి రసీదు చూపించాను. ఆయన పెట్టె తెరిపించి, "ఇంత గీతలు పడ్డదానికి లక్షా?" అన్నాడు. మా ఆవిడ గొంతే వినిపించింది! 20,251 రూపాయలు కట్టించుకుని రసీదిచ్చారు. ఆ రసీదు ఇప్పుడు గిటారు పెట్టె చిన్న అరలో ఉంది, షోవా 57 కార్డు పక్కన.

వెళ్ళదలచినవాళ్ళు పనిరోజుల్లో వెళ్ళండి. శని, ఆదివారాలు కాలేజీ కుర్రాళ్ళతో స్టూళ్ళు ఖాళీ ఉండవు. బెల్టు తీసేసి వాయించండి, గిటారు వీపు గీరుకుపోతే వాళ్ళు మాటనరు గానీ మొహం చిన్నబోతుంది. 1982లో పుట్టినవాళ్ళెవరైనా ఉంటే, ఆ ఐబానెజ్ నాలుగో షాపు రెండో అంతస్తులో కిటికీ పక్కన ఉంది. నవంబరువాళ్ళయితే మరీ మంచిది. ఇంకా అమ్ముడుపోకుండా ఉంటే!